ఎనిమిదో నంబరు గుండు

"ఏమేవ్, విన్నావా? మీ నాన్నని బలి ఇస్తున్నారట!"

వంటింట్లో ఫోన్ పట్టుకుని భార్య పెట్టిన ఆ కేకకి, స్నానాల గదిలో ఐసుముక్కల తొట్టిలో మోకాళ్లు ముంచుకుని కూర్చున్న తాళంకప్ప ఉన్నవాడున్నట్టు గడ్డకట్టాడు. పన్నెండేళ్ల కూతురు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి తలుపు దబదబా బాదింది.

"నాన్నా, నిన్ను బలి ఇస్తారట! ఎవరికి?"

"ఎవరికని కాదమ్మా, ఎవరిస్తున్నారని అడుగు," అంటూ తువ్వాలు చుట్టుకుని, తిమ్మిరెక్కిన కాళ్లతో గోడ పట్టుకుని నడిచొచ్చి భార్య చేతిలోని ఫోన్ లాక్కున్నాడు. అవతల బావమరిది. సొంత అక్క మొగుణ్ణే సరుకుగా పెట్టుకుని వ్యాపారం మొదలుపెట్టిన ఏజెంటు.

"బలి కాదు బావా, బదిలీ! కొత్త క్లబ్బుకి బదిలీ ఖాయమైంది! లిఫ్టులో ఉన్నా, సరిగ్గా వినపడలేదేమో!"

ఆ లిఫ్టు నడుమనున్న ఒక అక్షరాన్ని కింది అంతస్తులోనే దించేసి వచ్చిందన్నమాట. తాళంకప్ప విషయం చెప్పగానే కూతురు ఏడుపు ఆపేసింది. భార్య మాత్రం ముఖం అలాగే పెట్టుకుని, "ఈ ఇంట్లో ఆ రెండు మాటలకీ పెద్ద తేడా ఎప్పుడుంది గనక?" అంది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. తాళంకప్పకి ముప్పై మూడేళ్లు. ఇది తొమ్మిదో క్లబ్బు, ఆరో దేశం. మనిషి ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్. అందులోనూ ముందుకెళ్లి గోల్ కొట్టే రకం కాదు, మైదానం నడిబొడ్డున నిలబడి, అవతలివాళ్లు తెచ్చే బంతిని లాక్కుని, మనవాళ్ల కాలికి అందించే రకం. వచ్చిన ప్రతి బంతికీ తాళం వేస్తాడని మొదటి క్లబ్బువాళ్లు ముద్దుగా తాళంకప్ప అన్నారు. దేశాలు మారేకొద్దీ ముద్దూ తాళమూ రాలిపోయి, కొన్నిచోట్ల ఉత్త కప్పే మిగిలింది.

గోల్ కొట్టేవాడికి గోల ఎక్కువ, గోల్‌కి పంపేవాడికి గోడు ఎక్కువ. రెండో దేశంలో ఎడమ బ్యాక్‌గా ఆడేవాడికి కాలు విరిగితే, "నీకు రెండు కాళ్లున్నాయిగా" అని ఏడాదంతా ఇతన్ని ఎడమ అంచుకి తోసేశారు. మూడో దేశంలో మైదానమంతా ప్లాస్టిక్ గడ్డి. ఆ గడ్డిని పశువులు ముట్టవు గానీ మోకాళ్లని అది మేసేస్తుంది. నాలుగో దేశంలో ఒకే ఏడాదిలో ముగ్గురు కోచ్‌లు. మొదటాయన ముందుకెళ్లు అన్నాడు, రెండో ఆయన వెనక్కి రా అన్నాడు, మూడో ఆయన "అసలెవరు నువ్వు?" అన్నాడు. అన్ని దేశాల భాషలూ కాస్త కాస్త వచ్చు. అన్నింటిలోనూ "బంతి ఇవ్వు" అనడం ఒక్కటే తప్పుల్లేకుండా వచ్చు. మొత్తం కెరీర్‌లో కొట్టిన గోల్స్ నాలుగు. వాటిలో ఒకటి సొంత వలలోకి.

"రెండేళ్ల ఒప్పందం బావా!" అని బావమరిది ఫోన్‌లో పొంగిపోతున్నాడు. "బదిలీల గడువింక రెండ్రోజులే ఉంటే దూరిపోయాం. ఒక్క చిన్న షరతు. ఈ ఏడాది ఇరవై రెండు మ్యాచుల్లో పదిహేనింటికి నువ్వు మొదటి పదకొండుమందిలో ఉండాలి. అప్పుడే రెండో ఏడాది."

"నన్నెలా ఎంచుకున్నార్రా వాళ్లు?"

"వీడియో చూసి బావా! నేనే కూర్చుని కత్తిరించా. చూసి పడిపోయారు!"

తాళంకప్ప ఆ వీడియో చూడలేదు. తన ఆట తాను చూసుకుంటే అతనికి తప్పులు తప్ప ఇంకేమీ కనిపించవు. సామాను సర్దుతుంటే కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, ఇది నాకు ఐదో స్కూలు. ప్రతి స్కూల్లోనూ 'కొత్తమ్మాయి' అనే పిలుస్తారు. ఒక్కచోటైనా పాతమ్మాయిని కానివ్వవా?"

"ఈసారి రెండేళ్లమ్మా."

"పోయినసారీ అదే అన్నావు."

"పోయినసారి అన్నాను. ఈసారి ఆడతాను," అన్నాడు.

* * *

కొత్త క్లబ్బులో మొదటి రోజు కోచ్ అతన్ని ఆప్యాయంగా భుజం మీద చేయివేసి గోల్‌కి ఇరవై గజాల దూరం నడిపించాడు. పొట్టి మనిషి, పొడుగు విజిల్. ఎదురుగా చెక్కబొమ్మల గోడ పెట్టించి, బంతి స్వయంగా నేలమీద దిద్ది పెట్టాడు.

"ఫ్రీ కిక్. ఆ ఎడమకాలు ఒక్కసారి చూపించు, మా కుర్రాళ్లు నేర్చుకుంటారు."

తాళంకప్పకి ఎడమకాలు ఉన్నది కుడికాలు ఒంటరిగా ఫీలవకుండా ఉండటానికి. కానీ కొత్తచోట మొదటి రోజే కాదనడమెలా? ఇదేదో పరీక్ష కాబోలనుకుని కొట్టాడు. బంతి చెక్కబొమ్మలు దాటింది, గోల్ దాటింది, వెనకాల కంచె దాటింది, కార్లు పెట్టుకునే చోట క్లబ్బు అధ్యక్షుడి బండి మీద దిగింది.

"ప్రయాణ బడలిక," అన్నాడు కోచ్ ఉదారంగా.

బడలిక ఆరు మ్యాచులు సాగింది. కోచ్ అతన్ని గోల్ ముందర, కొట్టేవాడికి సరిగ్గా వెనకాల నిలబెట్టాడు. "నీకు స్వేచ్ఛ ఇచ్చాను, వెనక్కి చూడకు, కొట్టు," అన్నాడు. తాళంకప్ప బతుకంతా వెనక్కి చూసుకునే ఆట. బంతి పోగానే అలవాటుకొద్దీ వెనక్కి పరిగెత్తి లాక్కొస్తే, గీత దగ్గర్నుంచి కోచ్ విజిల్ ఊడిపడేలా, "నిన్నెవడు రమ్మన్నాడక్కడికి? పైకి పో!" అని అరిచేవాడు. పైకి పోతే గోల్ కొట్టేవాడి కాళ్లకి అడ్డంపడేవాడు. ఫ్రీ కిక్కులు తొమ్మిది కొట్టాడు. వాటిలో ఒకటి మాత్రం గోల్ వైపు వెళ్లింది, దాన్ని అవతలి గోల్‌కీపర్ చంకలో పెట్టుకుని నవ్వాడు. మైదానం నడిమధ్య ఖాళీగా పడుంటే అవతలివాళ్లు షికారుకొచ్చినట్టు నడిచొచ్చి గోల్స్ కొట్టి పోతున్నారు. మన గోలీ, ఆరడుగుల మీద నాలుగంగుళాల మనిషి, ప్రతి ఆటలోనూ గొంతు బొంగురుపోయేదాకా ఒకటే అరుపు: "మధ్యలో ఎవడైనా ఉన్నాడా, లేకపోతే తలుపులు తీసి పడుకున్నామా?"

ఏడో మ్యాచ్ నుంచి తాళంకప్పని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ బెంచీ అతనికి కొత్త కాదు. కొత్తేమిటంటే ఈసారి వేళ్లమీద లెక్క ఉంది. ఎనిమిది మ్యాచులయ్యేసరికి ఆడినవి ఆరు. మిగిలింది పద్నాలుగు, కావాల్సింది తొమ్మిది.

అప్పుడు పిలిచాడు వీడియో ఆయన. క్లబ్బులో ఆటలన్నీ చూసి ముక్కలుగా కోసి కోచ్‌కి అందించడం ఇతని పని. మెట్ల కింద చిన్న గది, మూడు కంప్యూటర్లు, ఆరు ఖాళీ టీ కప్పులు. సున్నితమైన మనిషి.

"అన్నా, తప్పుగా అనుకోకు. నువ్వు డీలా పడ్డావనిపించి పిలిచా. ఒక్కసారి నిన్ను నువ్వు చూసుకో. ఇలాంటి మనిషివి, ఇలా అయిపోయావేంటి?"

అని నొక్కాడు. తెరమీద పోయిన క్లబ్బు ఎర్ర చొక్కాలు. పై నుంచి, దూరం నుంచి తీసిన బొమ్మ. ఎనిమిదో నంబరు వేసుకున్న నున్నటి గుండు ఒకటి ఎడమకాలితో బంతిని గాలిలో వంకీ తిప్పి మూలకి కొట్టింది. మళ్లీ అదే గుండు, తలతో. మళ్లీ అదే గుండు, ముప్పై గజాల నుంచి. గుండు కాదది, తుపాకీ గుండు.

తాళంకప్ప తన గుండు నిమురుకున్నాడు. చెమట తగిలింది.

ఆ గుండు తనది కాదు.

ఆ క్లబ్బులో రెండేళ్లున్నాడు. మొదటి ఏడాది ఎనిమిదో నంబరు తనదే. రెండో ఏడాది ముందువరసలో ఆడే ఇంకో గుండాయన చేరి, "అన్నా, ఎనిమిది నాకు కలిసొచ్చే అంకె" అని బతిమాలితే, ఇచ్చేసి ఇరవై ఆరు తొడుక్కున్నాడు. ఇతనికి ఏ అంకే ఎప్పుడూ కలిసిరాలేదు, కాబట్టి బాధపడలేదు. బాధపడాల్సింది ఇప్పుడు.

వీడియో ఆయనకి ఏమీ చెప్పకుండా మెట్లెక్కి వచ్చి, కార్ల మధ్య నిలబడి బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరే, ఆ వీడియో నువ్వే కత్తిరించావా?"

"రాత్రింబవళ్లు బావా!"

"అందులో నేనెక్కడున్నాన్రా?"

"అదేంటి? ఎనిమిదో నంబరు. గుండు. నువ్వే కదా!"

"గుండున్న ప్రతివాడూ నీ బావేనట్రా? పోయినేడు నా నంబరు ఇరవై ఆరు!"

అవతల గొంతు తగ్గింది. "బావా, నా మాట విను. ఎవరితోనూ అనకు. వాళ్లకి తెలిస్తే మోసమంటారు, ఒప్పందం చింపేస్తారు. మనకి వేరే క్లబ్బు లేదు. ఈ వయసులో రాదు. నువ్వు కాస్త ఎడమకాలు సాధన చెయ్యి..."

"ముప్పై మూడేళ్లు లేని కాలు ఇప్పుడు మొలుస్తుందా?"

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. విని, మడతపెట్టిన చొక్కానే మళ్లీ విప్పి మడతపెట్టింది.

"మా తమ్ముణ్ణి తిట్టారా?"

"తిట్టాను."

"ఇంకా తిట్టాల్సింది," అంది. "మీరు చెప్తే ఏమవుతుంది?"

"రేపే పొమ్మనొచ్చు."

"చెప్పకపోతే?"

"బెంచీ మీద కూర్చుని ఏడాది అయ్యాక పొమ్మంటారు."

"అంటే ఇప్పుడు పోవడమా, తర్వాత పోవడమా అన్నమాట. మూడో దారి లేదా?"

"నా చోట నన్నాడిస్తే ఉంది. కానీ నా చోటేదో చెప్పాలంటే ముందు నేనెవరో చెప్పాలి."

చెప్పలేకపోయాడు. రోజూ అందరూ వెళ్లాక బంతులన్నీ పోగేసుకుని ఎడమకాలితో కొట్టాడు. మైదానం చూసుకునే తోటమాలి చెప్పులతో వచ్చి నిలబడి, "బాబూ, నా గడ్డి మీద నీకేమైనా పగా?" అని అడిగాడు. కుడి మోకాలు వాచింది. ఎడమకాలు ఎప్పట్లాగే అమాయకంగా ఉండిపోయింది. ఇంట్లో గిన్నె చప్పుడైనా ఒంటికాలి మీద లేచేవాడు. ఆ ఒంటికాలు కుడిదే. ఇలా ఇంకో మూడు మ్యాచులు బెంచీ పాలయ్యాయి. మిగిలింది పదకొండు. కావాల్సింది తొమ్మిదే, అది తగ్గదు.

గురువారం పొద్దున స్కూలు బండి ఎక్కబోతూ కూతురు ఒక కాగితం చేతిలో పెట్టింది.

"నాన్నా, రిలే పరుగు జట్టుకి తీసుకున్నారు. వచ్చే ఏడాదికి. ఇక్కడ ఉంటామని మీ సంతకం కావాలట. ఉంటామా?"

"సాయంత్రం చెప్తానమ్మా."

"నిజం చెప్పు, చాలు," అని ఎక్కేసింది. తండ్రి పోలిక. బంతి కాళ్ల దగ్గర పడేసి పోయింది.

* * *

ఆ గురువారమే జట్టు సమావేశం. పొడుగాటి గది, ప్లాస్టిక్ కుర్చీలు, మోకాళ్ల మందు వాసన, గోడకి తెల్లతెర. ఇరవైమందీ కూర్చున్నాక కోచ్ వచ్చి నిలబడ్డాడు. మొన్న మళ్లీ నాలుగు గోల్స్ తిన్నారు. ఆయన ముఖంలో ఆ నాలుగూ కనిపిస్తున్నాయి.

"ఇవాళ అవతలి జట్టు వీడియో కాదు. మనవాళ్లదే చూద్దాం. మేం ఎవర్ని తెచ్చుకున్నామో అందరూ చూడండి."

తెరమీద ఎర్ర చొక్కా, ఎనిమిది, గుండు. పద్నాలుగు గోల్స్ వరసగా. కుర్రాళ్లు "అబ్బో" అన్నారు. ఎవరో ఈల వేశారు. కోచ్ ఆపించాడు.

"తాళంకప్పా, లే. ఈ మనిషి ఎవరు?"

తాళంకప్ప లేచాడు. "ఫామ్‌లో లేను సార్" అన్న మాట నాలుక చివరన సిద్ధంగా ఉంది. మూడు వారాలుగా అదే చెప్తున్నాడు.

"సిగ్గుపడకు, చెప్పు. నాకీ మనిషి కావాలి. ఎక్కడ దాచావతన్ని?"

వెనకాల కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. తాళంకప్పకి అరికాలి మంట నెత్తికెక్కింది, అడ్డుకోవడానికి నెత్తిమీద జుట్టైనా లేదు.

"నేను దాచలేదు సార్. అతను ఇంకో దేశంలో ఇంకో క్లబ్బులో ఆడుకుంటున్నాడు. అది నేను కాదు!"

ఈల వేసినవాడు నోట్లోంచి వేళ్లు తీసేశాడు.

"మళ్లీ చెప్పు," అన్నాడు కోచ్ మెల్లగా.

చెప్పాడు. ఎనిమిది తనదై ఉండటం, ఇచ్చేయడం, ఇరవై ఆరు తొడుక్కోవడం, బావమరిది అంకె చూసి గుండు ఏరడం, అన్నీ. "నేను కుడికాలివాణ్ణి. ఫ్రీ కిక్ జన్మలో కొట్టలేదు. మీరు పోయిన దేశంలో గోల్స్ చూసి కొన్నారు. నేను గోల్స్ అమ్మను సార్."

"మరి మూడు నెలలు నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"మొదట్లో నాకూ తెలీదు. తెలిశాక భయం పెట్టుకున్నా."

కోచ్ బల్లమీద ఫోన్ తీసి ఏజెంటుకి కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు. "నమస్కారం సార్! మా బావ ఎలా ఆడుతున్నాడు?" అంది ఫోన్ హుషారుగా.

"మీ బావ ఇక్కడే ఉన్నాడు. వీడియోలో ఉన్నది మాత్రం ఎవరి బావ?"

ఆ తర్వాత ఫోన్‌లోంచి వచ్చిన గొంతు ఏజెంటుది కాదు, పట్టుబడ్డ తమ్ముడిది. "సార్... ఎనిమిదని కొట్టి వెతికా. గుండు కనపడింది, ఏరా. మా బావ ఆట నేనెప్పుడూ పూర్తిగా చూళ్లేదు సార్. అందులో గోల్స్ ఉండవు, నాకు నిద్రొస్తుంది."

అందరూ నవ్వారు. తాళంకప్ప ఒక్కడే నవ్వలేదు. పదకొండేళ్ల కష్టాన్ని ఇంత పొట్టిగా ఏ పేపరువాడూ రాయలేదు.

"వీడియో ఆయనా," అన్నాడతను, "ఆ మూడో గోల్ మళ్లీ పెట్టు. మొదటి బొమ్మ దగ్గరే ఆపు. కింద, ఎడమ మూల. ఏం కనపడుతోంది?"

వీడియో ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఒక బూటు."

"అది నేను."

ఎవరూ నవ్వలేదు.

"మొత్తం ఆట నీ దగ్గరుంటుందిగా. తీసి, ఇక్కణ్ణుంచి మూడు సెకన్లు వెనక్కి తిప్పు."

వీడియో ఆయన వేళ్లు గబగబా కదిలాయి. మొత్తం ఆట తెరమీదకొచ్చింది. మూడు సెకన్లు వెనక్కి: ఇరవై ఆరో నంబరు, ఇంకో గుండు, అవతలివాడి కాళ్లలోంచి బంతి దొంగిలించి, తలెత్తి, ఇద్దరి మధ్య సందులోంచి సూది దారంలా పంపించి, పంపిన వెంటనే వెనక్కి తిరిగి తన చోటుకి నడిచిపోయాడు. బంతి ఎనిమిదో గుండుకి అందింది. బావమరిది కత్తెర సరిగ్గా అక్కడ పడింది.

"ఐదోది," అన్నాడు కోచ్. ఐదోదీ అంతే. తొమ్మిదోదీ అంతే. పద్నాలుగింటిలో పదకొండింటికి ముందు అదే ఇరవై ఆరు, అదే నడక.

"ఆయన ఆ గోల్స్ చూపించి పెద్ద క్లబ్బుకి వెళ్లాడు," అన్నాడు తాళంకప్ప. "అవే గోల్స్ చూపించి మావాడు నన్నిక్కడికి పంపాడు. ఇద్దరికీ ఉద్యోగమిచ్చినవి అవే. నాకే ఇక్కడ నా పని లేకుండా పోయింది."

అప్పటిదాకా గోడకానుకున్న గోలీ కుర్చీ తన్నేసి లేచాడు.

"అయ్యా! మధ్యలో మనిషి కావాలని నేను మూడు నెలలుగా గొంతు చించుకుంటుంటే, ఆ మనిషిని తెచ్చి బెంచీ మీద ఆరేశారా? మొన్నటి నాలుగు గోల్సూ మధ్యలోంచి వచ్చినవే! నా దగ్గరికి పాదాభివందనానికొచ్చినట్టు వచ్చారు ఒక్కొక్కడూ!"

"కూర్చో," అన్నాడు కోచ్. ఎర్రబడ్డ ముఖంతో తెరనీ తాళంకప్పనీ మార్చిమార్చి చూశాడు. తెర పక్కనున్న బోర్డు మీద ఆదివారం జట్టు పేర్లు రాసి ఉన్నాయి. ఒక పేరు చేత్తోనే తుడిచి, నడిమధ్యన ఇంకో పేరు రాశాడు. తాళంకప్ప.

"ఆదివారం ఆడతావ్. తొమ్మిదింటికీ మాటివ్వను. ఒక్కటి. నచ్చకపోతే మళ్లీ బెంచీ. మీ బావమరిది మాత్రం నా కంటపడకూడదు."

"నా కంట కూడా సార్," అన్నాడు తాళంకప్ప.

ఒక్కటి. ఆ పైన ఇంకా ఎనిమిది. మోకాలేమో వాచి ఉంది. కూతురికి సాయంత్రం "ఉంటాం" అని చెప్పడానికి లేదు, "తెలీదమ్మా, కానీ ఇప్పుడందరికీ నేనెవరో తెలుసు" అని చెప్పడానికే ఉంది. అదైనా నిజం.

అప్పుడే తలుపు తోసుకుని, చేతిలో నూనె సీసాతో మాలీషు ఆయన వచ్చాడు. అందరి ముఖాలూ చూసి, "ఏంటి గొడవ? ఎవరైనా పోయారా?" అన్నాడు.

ఇరవైమందీ ఒక్కసారే మొదలుపెట్టారు. ఒకడు గుండంటాడు, ఒకడు ఎనిమిదంటాడు, గోలీ తలుపులంటాడు, వీడియో ఆయన బూటంటాడు. మాలీషు ఆయనకి ఒక్క ముక్క అంతుపట్టలేదు.

"ఆగండర్రా!" అని అరిచాడు తాళంకప్ప. ఆ క్లబ్బులో అతని గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. "మీరు చివర్నుంచి చెప్తున్నారు, అందుకే ఆయనకి అర్థం కావట్లేదు. కూర్చోండి పెద్దాయనా. నేను మొదట్నుంచి చెప్తాను."